ముందు చార్జర్, తర్వాతే సెల్స్

పాఠకుల ప్రశ్నలు – స్టూడియో మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నేను ఒడిశాలోని గుణుపూర్‌లో ప్రైమరీ స్కూలు టీచర్ని. మా తమ్ముడు కొత్త కెమెరా కొనుక్కుని తన పాత నికాన్ కూల్‌పిక్స్ బి500 నాకిచ్చాడు. దానికి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. బడిలో పిల్లల్ని, ఆదివారాలు వంశధార ఒడ్డున పిట్టల్ని తీస్తుంటాను. ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్స్ కొనీ కొనీ చేతి చమురు వదులుతోంది. చార్జింగ్ సెల్స్ కొందామని బజారుకెళ్తే ఒక షాపులో చార్జరూ నాలుగు సెల్సూ కలిపిన ప్యాకెట్ చవగ్గా ఇస్తామన్నారు. ఇంకో షాపులో, సెల్‌లో చార్జి ఎంత పడుతుందో చెప్పే అంకె 3800 అని రాసి ఉన్నవి చూపించి ఇవే పవర్‌ఫుల్ అన్నారు. మా తమ్ముడేమో 2000వి చాలంటాడు. పైగా వాటి మీద 1.2 వోల్టులే రాసి ఉంది. 1.5 వోల్టుల సెల్స్ వేసే కెమెరాకి అవి సరిపోతాయా? ఏవి కొనమంటారు?
– ఒక టీచర్, గుణుపూర్ (పేరు వేయొద్దన్నారు)

జవాబు: అమ్మా, ఉత్తరం తెలుగులో రాసి కవరు మీద మీ చిరునామా ఒడియాలో రాశారు. మా పర్లాకిమిడిలోనూ అంతే. బేరం తెలుగులో, బిల్లు ఒడియాలో, ప్యాకెట్ మీద ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు పక్కనున్న అంకెల దగ్గరే మనం బోల్తా పడతాం.

మీరు సెల్స్ గురించి అడిగారు. నేను చార్జర్ దగ్గర మొదలుపెడతాను, ఏమనుకోకండి. ఈ పనికి మీరు అనుకున్న డబ్బులో పెద్ద వాటా చార్జర్‌కి పెట్టండి. మంచి సెల్స్ కొని చెత్త చార్జర్‌లో పెడితే ఏడాది తిరక్కుండా చస్తాయి. చార్జర్ మంచిదైతే ఓ మోస్తరు సెల్స్ కూడా ఏళ్లు లాక్కొస్తాయి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఒక పెళ్లిలో పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

చాలా ఏళ్ల కిందటి మాఘమాసం. మీ గుణుపూర్ అవతల ఒక పల్లెలో పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున 2.40కి. నా ఫ్లాష్‌కి నాలుగు పెన్సిల్ సెల్స్, రెండో కెమెరాకి ఇంకో నాలుగు. అన్నీ సంక్రాంతికి చార్జి పెట్టి బ్యాగులో వేసుకున్నవే. మీద 2700 అని ఉంది కదా అని ధీమా. జీలకర్ర బెల్లం దాకా ఫ్లాష్ బాగానే వెలిగింది. మాంగల్యధారణ దగ్గరికొచ్చేసరికి ఫ్లాష్ వెనకున్న ఎర్ర లైటు వెలగడం మానేసింది. రెండో కెమెరా తీశాను. లెన్సు బయటికొచ్చింది, మళ్లీ లోపలికి పోయింది, అంతే. పెళ్లికూతురి అన్న పరుగెత్తి కిరాణా కొట్టతన్ని నిద్రలేపి రేడియోలకి వేసే ఎర్ర సెల్స్ పట్టుకొచ్చాడు. అవి వేస్తే రెండంటే రెండు ఫొటోలు పడ్డాయి. ముహూర్తం మన సెల్స్ కోసం ఆగదు కదా! ఆ ఆల్బమ్‌లో తాళి కట్టే ఫొటో ఇప్పటికీ వీడియో లైటు పసుపు వెలుగులో మసగ్గా ఉంటుంది. ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు నవ్వుతూ తీసి చూపిస్తారు.

మర్నాడు పొద్దున్నే మా వీధిలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర కూర్చుని, మల్టీమీటర్ పెట్టి ఫ్లాష్ సెల్స్ ఒక్కొక్కటీ చూశాను. 1.24, 1.23, 1.24. నాలుగోది 0.91. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. నాలుగు సెల్స్ గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిసి పనిచేస్తాయి గనక ఒక్కటి నీరసపడితే మిగతా మూడూ ఉండీ లేనట్టే. పైగా బలమైన మూడూ ఆ బలహీనమైనదాన్ని తలకిందులుగా లాగి ఇంకా పాడుచేస్తాయి.

ఆ ఒక్కటీ ఎందుకు నీరసపడిందని అడిగితే ఆయన నా చార్జర్ తిప్పి వెనక రాసింది చదివించాడు. మీరూ షాపులో ఇదే చెయ్యండి. చార్జర్ వెనకవైపు ఔట్‌పుట్ అనే మాట దగ్గర 2.4 వోల్టులు అనో 2.8 వోల్టులు అనో ఉంటే సాధారణంగా అది సెల్స్‌ని జంటలుగా చార్జి చేసే రకం. రెండింటికీ ఒకే కరెంటు, ఒకే లైటు. ఒకటి ముందే నిండిపోయినా రెండోదాని కోసం దానికీ కరెంటు ఎక్కిస్తూనే ఉంటుంది. లేదంటే రెండోది సగం కడుపుతో బయటికొస్తుంది. 1.2, 1.4, 1.5 లాంటి అంకె ఉండి, పక్కన నాలుగు గళ్లకి నాలుగని ఉంటే ఒక్కో సెల్‌ని విడిగా చూసుకునే రకం. ముందువైపు గుర్తు ఇంకా తేలిక. గడికో లైటు ఉండాలి. ఒకటో మూడో సెల్స్ పెట్టినా చార్జి ఎక్కాలి. రెండో నాలుగో పెడితేనే పనిచేస్తుందంటే జంటల చార్జరే.

రెండో సంగతి, నిండగానే తనంతట తాను ఆగాలి. చవక చార్జర్లలో కొన్నిటికి ఆగడమే తెలీదు, కొన్ని టైమర్ చూసి ఆగుతాయి. టైమర్‌వాటితో మన దగ్గర పెద్ద చిక్కు. గాలీవానా వస్తే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. కరెంటు వచ్చిన ప్రతిసారీ చాలా టైమర్లు మొదటినుంచి లెక్కపెడతాయి. నిండిన సెల్‌కే మళ్లీ ఆరు గంటలో ఎనిమిది గంటలో పోస్తాయి. తెలివైన చార్జర్ గడియారాన్ని కాకుండా సెల్‌నే కనిపెట్టుకుని ఉంటుంది. సెల్ నిండేదాకా వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. నిండాక పెరగడం ఆగి వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. ఆ దిగుడుని పసిగట్టి చార్జర్ ఆపేస్తుంది. పాలు పొయ్యిమీద పెట్టి ‘పది నిమిషాలకి దించుతాను’ అని వాకిట్లో కబుర్లు చెప్పే మనిషికీ, గిన్నె పక్కనే నిలబడే మనిషికీ ఉన్న తేడా ఇది. మధ్యలో కరెంటు పోయినా ఇబ్బంది లేదు, వచ్చాక మళ్లీ సెల్‌ని చూసి కాసేపట్లోనే సంగతి తెలుసుకుంటుంది.

వేగం గురించి కూడా ఒక మాట. అరగంటలో, గంటలో నింపేస్తానన్న చార్జర్ వద్దు, సెల్స్ చెయ్యి కాలేలా వేడెక్కుతాయి. చివర్లో కాస్త గోరువెచ్చనైతే ఫర్వాలేదు. వెనక, సెల్‌కి ఎక్కించే కరెంటు 500 మిల్లీ ఆంపియర్ల చుట్టూ రాసి ఉన్నది నాకు నచ్చుతుంది. 2000 సెల్ నిండడానికి దానికి అయిదు గంటలు పడుతుంది. 200 ఉన్నదైతే పది గంటల లెక్క వస్తుంది గానీ, కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది కాబట్టి నిజానికి పద్నాలుగు, పదిహేను గంటలు కావాలి. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఆరింటికి తీసి, సెల్స్ మంచివి కావని తిట్టుకునేవాళ్లు ఇక్కడే దొరుకుతారు. నేనూ తిట్టాను లెండి.

ఇక మీ 3800 సంగతి. పైన పటారం, లోన లొటారం. మన చార్జింగ్ సెల్ అసలు పేరు నికెల్ మెటల్ హైడ్రైడ్. ఈ పెన్సిల్ సైజుదాంట్లో నిజంగా పట్టేది 2700, 2800 దగ్గర ఆగిపోతుంది. 3000 దాటి రాసి ఉంటే అది కాగితం మీది బలమే. అలాంటిది నాకూ ఒకరు అంటగట్టారు. అనుమానమొచ్చి మా కంసాలి కొట్లో ఆ బంగారం తూచే తక్కెడలో పెట్టించాను. మంచి 2000 సెల్ ఒకటి 26, 27 గ్రాములు తూగుతుంది. ఇది 17 తూగింది. కంసాలి కళ్లజోడు పైకి తోసుకుని, ‘కల్తీ బంగారం కూడా ఇంత తేలిగ్గా ఉండదు మాస్టారూ’ అన్నాడు. షాపులో తక్కెడ లేకపోతే రెండు చేతుల్లో రెండు రకాలూ పట్టుకుని చూడండి, చేతికే తెలుస్తుంది.

మీ తమ్ముడు చెప్పిందే రైటు. 2000 తీసుకోండి. 2500 పైవి మంచి కంపెనీవైనా మీకు అక్కర్లేదు. ఎక్కువ కూరిన సెల్ ఆయుష్షు తక్కువ. పానసోనిక్ ఎనెలూప్‌లోనే చూడండి, తెల్లది 2000 రకం 2100 సార్లు చార్జి చేసుకోవచ్చని కంపెనీ చెప్తుంది. 2500 పైనుండే నల్ల ‘ప్రో’కి అదే కంపెనీ 500 సార్లే అంటుంది. రోజంతా ఫ్లాష్ కొట్టే నాలాంటివాళ్లకి నల్లది. ఆదివారం పిట్టల కోసం తెల్లది.

అన్నిటికన్నా ముఖ్యంగా అట్ట మీద ‘రెడీ టు యూజ్’ అనో ‘ప్రీచార్జ్‌డ్’ అనో ఉందా చూడండి. నా పెళ్లి సెల్స్ పాతరకం. వాడకుండా ఊరికే ఉంచినా వాటి చార్జి కారిపోతుంది, నెలకి పావువంతు దాకా, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో ఈ కారుడు బాగా తగ్గించిన సెల్ తెచ్చింది. తర్వాత సాన్యోనే పానసోనిక్ చేతికి వెళ్లింది. ఇప్పుడు వేరే కంపెనీలూ ఆ రకం చేస్తున్నాయి, ఎనెలూపే కొనాలని పట్టేం లేదు. ఇవి ఏడాది ఊరికే ఉంచినా చార్జిలో పెద్దభాగం నిలబడుతుంది. వేసవి సెలవుల్లో కెమెరా బీరువాలో పెట్టేసి బడి తెరిచాక తీసే మీకు ఇదే కావాలి.

1.2 వోల్టుల గురించి టెన్షన్ పడకండి. ఆల్కలైన్ 1.5తో మొదలై వాడేకొద్దీ దిగిపోతుంటుంది, సగం అయ్యేసరికి అదీ 1.2 దగ్గరికే వస్తుంది. చార్జింగ్ సెల్ మాత్రం చివరిదాకా 1.2 దగ్గరే స్థిరంగా నిలబడి, అయిపోయేటప్పుడు గభాల్న పడిపోతుంది. ఫ్లాష్ నిండేటప్పుడూ జూమ్ కదిలేటప్పుడూ కెమెరా ఒక్కసారిగా గుక్కెడు కరెంటు లాగుతుంది. ఆ గుక్క ఇవ్వడంలో చార్జింగ్ సెల్ ముందు ఆల్కలైన్ కూడా నిలవదు. ఎర్ర సెల్స్ గోడ గడియారానికీ టీవీ రిమోట్‌కీ. మీ కెమెరా సెటప్ మెనూలో బ్యాటరీ టైప్ అని ఉంటుంది, దాన్ని ఆల్కలైన్ నుంచి నికెల్ మెటల్ హైడ్రైడ్‌కి మార్చండి. మార్చకపోతే సెల్స్‌లో దమ్ము ఉండగానే బ్యాటరీ అయిపోయిందని గోల పెడుతుంది.

ఎనిమిది సెల్స్ కొనండి, రెండు జట్లుగా. మార్కర్ పెన్నుతో ఒక జట్టు మీద అ-1 నుంచి అ-4, రెండోదాని మీద ఆ-1 నుంచి ఆ-4 రాసుకోండి. కొన్న నెల కూడా రాయండి. జట్టు జట్టుగానే వాడాలి, జట్టుగానే చార్జి చెయ్యాలి. అ-3 పాడైంది కదా అని ఆ-2 తెచ్చి కలపకూడదు, పాతా కొత్తా కలిపితే నా పెళ్లి కథే. పూర్తిగా ఖాళీ చేశాకే చార్జి పెట్టాలన్న మాట పాత నికెల్ కాడ్మియం సెల్స్ నాటిది, దాన్ని వదిలెయ్యండి. చార్జి అయిన సెల్స్‌ని హ్యాండ్‌బ్యాగులో తాళాలతో, చిల్లరతో కలిపి వెయ్యకండి. షార్టయితే నిప్పులా కాలతాయి. ప్లాస్టిక్ డబ్బీ లేకపోతే పిల్లల పెన్సిల్ డబ్బా చాలు, రేకుది మాత్రం వద్దు.

ఆ కాంబో ప్యాకెట్ తిప్పి వెనక చదివారా? గడికో లైటు, ఆటో కటాఫ్ (నిండగానే తనంతట ఆగడం) ఉన్నాయంటే నిశ్చింతగా కొనండి, కాంబో అయినంత మాత్రాన చెడ్డది కాదు. 2.4 అని ఉందంటే షాపతను మీ స్టూడెంటు తండ్రే అయినా సరే, నవ్వి బయటికొచ్చెయ్యండి.

ప్రశ్న: మాస్టారూ, మన కోరాపుట్ జిల్లా జైపూర్‌లో ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తాను. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా. ఒరిజినల్ బ్యాటరీ ధర చూసి భయపడి రెండు డూప్లికేట్లు కొన్నాను. ఒకటి ఉబ్బి కెమెరాలోంచి రావడం కష్టమైంది. ఎండలో పెట్టి ఆరనిస్తే తగ్గుతుందని ఒకరు, సూదితో గాలి తీయమని ఒకరు చెప్పారు. ఏం చెయ్యను?
– ఫొటోగ్రాఫర్, జైపూర్

జవాబు: బాబూ, సూది మాట చెప్పినవాడి స్నేహం మానెయ్. నీది లిథియం అయాన్ బ్యాటరీ. దానికి చిల్లు పడితే మంట లేస్తుంది. ఎండలో అసలే పెట్టకు. ఇంకోసారి చార్జి పెట్టకు, కెమెరాలోకి తోయకు. దాని లోహపు కొసలన్నిటి మీదా టేపు అంటించి, ఇంట్లో అంటుకునే వస్తువులకి దూరంగా ఉంచి, పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునేవాళ్లకి విడిగా ఇవ్వు. మున్సిపాలిటీ చెత్తబండిలో వెయ్యకు, పాపం ఆ బండివాళ్లేం చేశారు?

పైన టీచరమ్మకి చెప్పినవన్నీ నీ బ్యాటరీకి వర్తించవు. లిథియం అయాన్‌ని 4.2 వోల్టుల దగ్గర, అదీ ఖచ్చితంగా, ఆపాలి. నీ బ్యాటరీలో అలాంటి సెల్స్ రెండు ఉంటాయి, మీద 7.2 అనో 7.4 అనో రాసి ఉంటుంది. కెమెరాతో వచ్చిన చార్జరే వాడు. కొసలు అటూఇటూ జరిపి దేన్నైనా బిగించే బజారు ‘యూనివర్సల్’ చార్జర్ వద్దు. డూప్లికేట్లన్నీ చెడ్డవని అనను, నా దగ్గరా ఒకటుంది, మూడేళ్లుగా బాగానే ఉంది. పేరున్న కంపెనీది, బిల్లుతో కొన్నాను. కానీ ముహూర్తం వేళకి కెమెరాలో ఒరిజినలే ఉంటుంది. డూప్లికేట్ హల్దీకి.

షూట్లు లేని ఆషాఢంలో బ్యాటరీలు నిండుగా చార్జి చేసి దాచకు, పూర్తిగా ఖాళీగానూ ఉంచకు. సగం చార్జితో చల్లటి చోట పెట్టు. కెమెరాలోంచి తీసి పెట్టు.

ఇంకో ముక్క. పెన్సిల్ సెల్ సైజులోనే 14500 అని రాసి 3.7 వోల్టుల లిథియం సెల్స్ అమ్ముతున్నారు. నీ ఫ్లాష్‌లో సరిగ్గా పడతాయి కదా అని నాలుగూ వేశావంటే ఆరు వోల్టుల చోట పదిహేను దాకా ఎక్కుతుంది. ఫ్లాష్ మాడుతుంది. టీచరమ్మా, ఇది మీరూ చదవండి.

ప్రశ్న: డిసెంబరులో దేవమాలి మీద సూర్యోదయం తీయడానికి వెళ్లాం. కింద ఊళ్లో ఫుల్ చూపించిన బ్యాటరీ పైకెళ్లగానే అయిపోయింది. ఎండెక్కాక మళ్లీ పనిచేసింది! చెడిపోయినట్టా?
– కాలేజీ విద్యార్థి, కోరాపుట్

జవాబు: చెడిపోలేదు, చలేసింది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ అది, 1672 మీటర్లు. డిసెంబరు తెల్లవారుజామున మనకే పళ్లు టకటకలాడతాయి. చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి కరెంటు ఇవ్వలేక కెమెరా ఆగిపోతుంది. ఈసారి రెండో బ్యాటరీని స్వెట్టర్ లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచు. కెమెరాలోది చల్లబడగానే రెండూ మార్చుకో. పెన్సిల్ సెల్స్ కెమెరా అయితే చలిలో ఆల్కలైన్ త్వరగా చతికిలబడుతుంది, చార్జింగ్ సెల్స్ మేలు.

ప్రశ్న: అటక మీద మా అబ్బాయి పాత కెమెరా దొరికింది. లోపల సెల్స్ అలాగే ఉండిపోయి కొసల దగ్గర తెల్లటి పొడి పట్టింది. కొత్త సెల్స్ వేసినా ఆన్ అవ్వడం లేదు. పారెయ్యడమేనా?
– రిటైర్డ్ ఉద్యోగి, పర్లాకిమిడి

జవాబు: గురువుగారూ, ఊళ్లోవారేనాయె, ఉత్తరం ఎందుకు, కెమెరా పట్టుకుని వచ్చేస్తే సరిపోయేది. పారెయ్యకండి. అది ఆల్కలైన్ సెల్స్ కారిన క్షారం. ఊదకండి, కళ్లల్లో పడుతుంది. పొడిబ్రష్‌తో మెల్లగా దులిపి, చెవిలో పెట్టుకునే దూది పుల్లని నిమ్మరసంలో ముంచి బాగా పిండి, తడి కారకుండా ఆ స్ప్రింగుల మీద రుద్దండి. సన్నగా బుడగలొస్తాయి. పులుపు క్షారాన్ని విరిచేస్తున్నట్టు గుర్తు. బుడగలు ఆగాక ఇంకో పుల్లతో స్పిరిట్ అద్ది నిమ్మరసం జిగురు పోయేదాకా తుడవండి. మూత తెరిచి ఒక పూట ఫ్యాను కింద ఉంచండి. స్ప్రింగు తినేసి ఉంటే మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు, అప్పుడు స్టూడియోకి తీసుకురండి, సాయంత్రం ఆరు తర్వాత ఉంటాను.